ఆయిల్ ముల్లు

నా చెవులు మందగించిన సంగతి నాకు ఇంట్లో తెలియలేదు. కారులో తెలిసింది.

మాది నగరి. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ మరమగ్గాల మధ్యనే బతుకు. షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే చెవి పక్కన అరిచినా వినపడదు కనక మా వీధిలో అందరం చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటాం. దారం తెగిందంటే ఒక సైగ, అన్నానికి రమ్మంటే ఒక సైగ. అందుకని చెవులు కొంచెం కొంచెంగా పోతున్నా ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

కారు దగ్గర అలా కుదరలేదు. అది అంబాసిడర్, పెట్రోలు బండి. మా బావగారు ఏళ్ల తరబడి వాడి, కొత్త బండి కొనుక్కున్నాక మాకు వదిలేశాడు. మా ఆయనకు స్టీరింగు ముందు కూర్చుంటేనే కాళ్లూ చేతులూ ఆడవు. నేనే నేర్చుకున్నాను. నేసిన చీరలు మూటలు కట్టి వెనక సీటులో వేసుకుని, పుత్తూరు మీదుగా తిరుపతి కొట్లకు, అక్కణ్ణించి పూతలపట్టు మీదుగా చిత్తూరు కొట్లకు ఇచ్చి, చీకటి పడేలోగా ఇల్లు చేరడం చాలా కాలంగా నా పని. ఏ గేరులో ఉన్నానో, ఎప్పుడు మార్చాలో ఎన్నడూ ఆలోచించలేదు. ఇంజను శబ్దం వింటూ చేయి దానంతట అదే మార్చేసేది.

ఒక వేసవిలో పుత్తూరు దాటాక మా ఆయన నా భుజం తట్టాడు.

"ఏమ్మే, బండి అంత ఏడస్తా ఉంటే గేరు మార్సవేమి?"

ఆ ఏడుపు నాకు వినపడలేదు. అద్దాలు దించి చూశాను. గాలి తగిలింది గానీ శబ్దం రాలేదు.

తిరుపతిలో డాక్టరు పరీక్ష చేసి, ఇన్నాళ్ల మగ్గాల చప్పుడే చెవులను తినేసిందని చెప్పాడు. మిషను పెట్టుకుంటే బండి నడపవచ్చన్నాడు. మిషనుతో ఎదురుగా ఉన్న మనిషి మాట బాగానే తెలిసింది. కారులో కూర్చుంటే మాత్రం టైర్లు, గాలి, ఇంజను, లారీ హారన్లు అన్నీ కలిసిపోయి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఒకటే రొద. అందులో ఏది నా ఇంజనో ఏది ఎదుటివాడి ఇంజనో తేల్చుకోలేకపోయాను.

దాంతో ఇంజను వినే పని మా ఆయన తన మీద వేసుకున్నాడు. మంచి ఉద్దేశమే గానీ ఆయనకు ఏ శబ్దం దేనిదో తెలియదు. లారీ దాటిపోతే "నిలుపు, నిలుపు!" అనేవాడు. వంతెన మీద ఇనుప పట్టీల మీంచి చక్రాలు దొర్లితే డ్యాష్‌బోర్డు మీద చరిచేవాడు. చంద్రగిరి దగ్గర ఒకసారి మా పక్కనే పోతున్న ట్రాక్టరు శబ్దానికి ఆపించాడు. మళ్లీ బయల్దేరి అదే ట్రాక్టరును కలుసుకుంటే మళ్లీ ఆపించాడు. ఇంటికి చేరేసరికి ఇద్దరికీ తలనొప్పి. ఆయన వీపు సీటుకు ఆనించి కూర్చోవడమే మానేశాడు. మెడ ముందుకు చాచి, ఇంజను వైపు చెవి పెట్టి, అంత దూరమూ అలాగే వచ్చేవాడు.

మా బండి చూసే మెకానిక్కు చిత్తూరులో ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నేను అన్నా అంటాను, అతను చెల్లెమ్మా అంటాడు. నా చెవుల సంగతి విన్నాక అతను బానెట్ మీద చేయి పెట్టి మెల్లగా చెప్పాడు.

"సూడు చెల్లెమ్మా, ఈ పాత ఇంజనుకు ఆయిలే ప్రాణం. ఆయిల్ ప్రెషర్ పోయిందనుకో, లోపల టకటకా కొట్టుకుంటాది. ఆ సప్పుడు ఇన్న ఎంటనే ఆపేస్తే ఇంజను మిగులుతాది. లేదా, పట్టేస్తాది, మళ్లా తిరగదు. నీకు ఇనపడదు గదా. అదీ నా బయ్యం."

"ప్రెషర్ పోతే ఎలిగే ఎర్ర లైటు ఉండాది గదన్నా?"

"ఉండాది. అది ఎలిగేది ఆకర్న."

అప్పుడే అడిగాను, ప్రెషర్ ఎంత ఉందో ముల్లుతో చూపించే మీటరు పెట్టమని. అతనికి ఇష్టం లేకపోయినా పెట్టాడు. ఇంజను పక్కన ఆయిలు వచ్చే రంధ్రం ఒకటి ఉంటుంది. అందులో ఉన్న ఎర్ర లైటు స్విచ్చి విప్పేసి, దాని చోట ఒక ఇత్తడి జాయింటు బిగించి, జాయింటు చివర టీ గ్లాసంత ఇనుప డబ్బా తగిలించాడు. దాని పేరు సెండర్. ఆయిలు ఎంత ఒత్తిడితో తోస్తోందో కొలిచి, ఆ సంగతి తీగ మీద లోపలి మీటరుకు పంపుతుంది. మీటరు నా కళ్ల ఎదుటే, స్టీరింగు పక్కన. చల్లగా ఉన్నప్పుడు ముల్లు పైకి లేచేది, వేడెక్కాక మధ్యకు వచ్చి నిలిచేది. గేరు సంగతి కాలికి తగిలే అదురుతో పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆయిల్ సంగతి ముల్లు చెప్పేది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక మధ్యాహ్నం తిరుపతి నుంచి చిత్తూరు పోతూ పూతలపట్టు దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఒక్కసారి వణికి కిందికి పడిపోయింది. వెంటనే తాళం తిప్పి ఇంజను ఆపేసి, క్లచ్చు తొక్కి బండిని రోడ్డు పక్కకు దొర్లించాను.

"శబ్దమేమీ లేదే, ఎందుకు నిలిపినావు?" అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయనకు నిజంగానే ఏ శబ్దమూ తగల్లేదు.

దిగి బానెట్ ఎత్తాను. లోపలంతా ఆయిలే. ఇంజను పక్కన, బ్యాటరీ మీద, బానెట్ లోపలి రేకు మీద. సెండర్ డబ్బా తీగ పట్టుకుని వేలాడుతోంది. ఇత్తడి జాయింటు మెడ దగ్గర తెగిపోయి ఉంది. మామిడికాయలు దించి ఖాళీగా పోతున్న ఒక పికప్ అబ్బాయి తాడు కట్టి చిత్తూరు దాకా లాక్కొచ్చాడు.

మెకానిక్ అన్న ఆయిలు తుడిచి, కొత్త ఆయిలు పోసి, ఆ రంధ్రానికి బోల్టు పెట్టి మూసి ఇంజను స్టార్ట్ చేశాడు. చాలాసేపు విన్నాడు. ఇంజనుకు ఏమీ కాలేదన్నాడు. నేను హమ్మయ్య అనుకునేలోపే, "బోల్టు అట్లే ఉండనీ. మీటరు వద్దు. దాని వల్లే గదా ఇంత జరిగింది" అన్నాడు.

"మీటరు వల్ల ఆయిలు పోయింది. మీటరు వల్లే నేను ఆపినాను" అన్నాను.

మా ఆయన మధ్యలో వచ్చాడు. "అమ్మేద్దాం మే. మూటలు బస్సులో ఏస్తాం. ఎందుకీ తలనొప్పి?"

"బండి అమ్మేది లేదు. మీటరు తీసేది లేదు."

గట్టిగా అన్నానేమో, షెడ్డులో అందరూ తిరిగి చూశారు. చెవులు పోయాక నా గొంతు ఎంత లేస్తుందో నాకు తెలియడం లేదు. ఈసారి లేచినందుకు నేనేమీ నొచ్చుకోలేదు.

తెగిన జాయింటును కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చాను. వెలుతురులో తిప్పి చూశాను. మర చుట్లు మొదలయ్యే చోట, ఎవరో రంపంతో కోసినట్టు తెగింది. మగ్గంతో బతికే వాళ్లందరికీ ఈ తెగుడు తెలుసు. ఊగే దాని చివర బరువు తగిలిస్తే ఎంత మంచి ఇనుమైనా మెడ దగ్గర అలసిపోయి విరుగుతుంది. అందుకే మగ్గం మీద బరువైనదేదైనా ఊగని చట్రానికి బిగిస్తాం. ఇక్కడ ఇంజను పొద్దస్తమానం అదురుతుంది. దాని పక్కన, సన్నని ఇత్తడి మెడ మీద, అంత బరువు డబ్బా. మరి డబ్బా ఇంజను మీద ఎందుకుండాలి? ఇంజనుకూ మేం కూర్చునే చోటుకూ మధ్య ఒక రేకు గోడ ఉంది. డబ్బాను ఆ గోడకు బిగించి, ఇంజను నుంచి అక్కడి దాకా ఆయిలును మెత్తటి గొట్టంలో తీసుకువస్తే ఎంత అదిరినా గొట్టమే వంగుతుంది.

మళ్లీ చిత్తూరు పోయి ఈ మాట చెబితే మెకానిక్ అన్న బానెట్ లోపలికి వంగి ఏదో అన్నాడు.

"నా మొగం సూసి చెప్పన్నా."

అతను లేచి నిలబడి నా వైపు తిరిగాడు. "డబ్బా ఇరగదు, సరే. గొట్టం పగిల్తే? మళ్లా రోడ్డు మీద ఆయిలే గదా!"

అది నిజమే. నేను సంచిలో తీసుకుపోయిన పెట్రోలు ట్యూబును అతను వేళ్లతో నొక్కి చూసి పక్కన పడేశాడు. "వేడి ఆయిలుకు ఇది ఉబ్బిపోతాది. ఇనుప జాలీ అల్లిన హోసు ఉంటాది, జేసీబీలకు వాడేది. అట్లాంటిది సన్నంగా తేగలిగితే అప్పుడు సూస్తా." తేలేనని అనుకున్నాడో ఏమో, తిరిగి పనిలో పడ్డాడు.

మర్నాడు బస్సెక్కి రేణిగుంట పోయాను. అక్కడ టిప్పర్లకు, మట్టి తవ్వే యంత్రాలకు హోసులు కట్టిచ్చే కొట్టు ఉందని బావగారు చెప్పాడు. కొట్టతను ఫోను చూస్తూ తల వంచుకునే ఏదో అన్నాడు. పెదవులు కనపడలేదు.

"నాకు చెవులు సరిగా ఇనపడవప్పా. తలెత్తి చెప్పు."

అతను తలెత్తాడు. "ఇంత సన్నంవి చెయ్యమమ్మా. మావన్నీ పెద్ద బండ్లవి."

"బ్రేకులకు వచ్చే సన్నం హోసు ఉంటాది గదా?"

"ఉంటాది. దేనికి?"

తెగిన జాయింటు బల్ల మీద పెట్టి, అది ఎక్కడిదో, ఎలా తెగిందో, నాకెందుకు కావాలో మొత్తం చెప్పాను. వెనక ఇద్దరు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. వాళ్ల పని చూసి పంపించి మళ్లీ నా దగ్గరికి వస్తాడని, నేను పక్కకు జరిగి అక్కడే నిలుచున్నాను. వాళ్లు పోయారు, ఇంకెవరో వచ్చారు. నేను కదల్లేదు. చివరికి అతను లోపలికి పోయి సన్నటి హోసు చుట్ట తెచ్చాడు. కొలత ప్రకారం కోసి, రెండు చివర్లా ఇనుప మూతులు పెట్టి యంత్రంలో నొక్కి ఇచ్చాడు. గట్టి పని.

చిక్కు ఇంకో చోట వచ్చింది. హోసు మూతి మా ఇంజను రంధ్రంలో రెండు చుట్లు తిరిగి వదులైపోయింది. చూడటానికి మర ఒకేలా ఉంది. వేలితో తడిమితే తేడా తెలిసింది. ఒకదాని పళ్లు కొంచెం దగ్గర దగ్గరగా, ఒకదాని పళ్లు కొంచెం ఎడంగా ఉన్నాయి.

"కొళాయిలకు సుట్టే తెల్ల టేపు సుట్టి బిగిద్దాం. పట్టుకుంటాది" అన్నాడు మా ఆయన.

"పట్టుకోదు. టేపు ముక్కలు లోపలికి పోతే ఆయిలు దారి మూసుకుపోతాది."

నగరిలో మాకు మగ్గం సామాన్లు చేసిచ్చే లేత్ షాపుకు పోయాను. తెగిన జాయింటు, సెండర్, హోసు మూడూ ఇచ్చి, ఈ మూడింటికీ సరిపడే మరలు తీయమన్నాను. మెకానిక్ అన్నకు ఫోనులో మా ఆయన చేత ఈ సంగతి చెప్పించాను. అటునుంచి అన్న చెప్పిన మాటను మా ఆయన సైగలతో నాకు చేరవేశాడు. ఇత్తడి దిమ్మె ఒకటి చేయించు, దానికి ఒక వైపు హోసు, ఒక వైపు సెండర్, ఇంకో వైపు పాత ఎర్ర లైటు స్విచ్చి కూడా రావాలి. రోడ్డు చూస్తున్నప్పుడు ముల్లు మీద కన్ను లేకపోయినా లైటు కనపడుతుందట. ఆ ఆలోచన నాకు రాలేదు. అన్న మనసు మెత్తబడిందని కూడా దాంతోనే తెలిసింది.

బిగించే రోజు పొద్దున్నే చిత్తూరు షెడ్డుకు చేరాం. నేనే చేస్తానన్నాను. అన్న స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ముందు బ్యాటరీ తీగ విప్పాను. పాత మగ్గం ఇనుప పట్టీ ఒకటి వంచి తెచ్చుకున్నాను, దిమ్మెకు ఆధారంగా. రేకు గోడకు రంధ్రాలు వేసేటప్పుడు అవతల తీగలకు తగలకూడదు. మా ఆయన్ని లోపల కూర్చోబెట్టి, గోడ మీద వేలితో కొట్టి చోటు చూపించమన్నాను. ఆ వేలి అదురు నా అరచేతికి తగిలిన చోట గుర్తు పెట్టి రంధ్రం వేశాను. పట్టీకీ గోడకూ మధ్య, మగ్గం మోటారు కింద వేసే దళసరి రబ్బరు ముక్క పెట్టాను, గోడ అదురు కూడా డబ్బాకు తగలకూడదని. జాయింట్ల దగ్గర రాగి వాషర్లు వేశాను. హోసును లాగి కట్టకుండా, ఇంజను ఊగినా సరిపోయేంత వదులుగా, వేడి గొట్టాలకూ కదిలే కడ్డీలకూ దూరంగా తిప్పి క్లిప్పులు వేశాను. చివరి జాయింటు మా ఆయన బిగించబోతే అన్న అడ్డుకున్నాడు. "బిర్రుగా బిగించొద్దబ్బా, ఇత్తడి. నలిగిపోతాది."

బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేశాను.

ముల్లు కదల్లేదు. లైటు మాత్రం ఆరిపోయింది.

వెంటనే ఆపేశాను. మా ఆయన నుదురు కొట్టుకున్నాడు. అన్న లేచి వచ్చి, హోసు కింద ఒక డబ్బా పెట్టి, దిమ్మె దగ్గర జాయింటు కొంచెం వదులు చేసి, మళ్లీ ఒక్క క్షణం తిప్పమన్నాడు. ఆయిలు సర్రున చిమ్మింది. ప్రెషర్ ఉంది.

"ఆయిలు వస్తాంది. లైటు మాట నిజమే. ముల్లు ఎందుకు లేవలా? మీటరే సచ్చింది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చినంత పనయింది. రేణిగుంట తిరిగింది, లేత్ షాపు ముందు నిలబడింది, అన్నీ గుర్తొచ్చాయి. అయినా మీటరు చచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. మొన్న ముల్లు పడింది ఆయిలు పోయినందుకే గదా. అదే మీటరు, అదే డబ్బా, అదే తీగ. మారింది చోటొక్కటే. "చోటు మారితే ఏం మారినట్టు?" అని పైకే అడిగాను.

అంతసేపూ దూరంగా నిలబడ్డ మా ఆయన బానెట్ దగ్గరికి వచ్చాడు. కారు నడపడం రాకపోయినా మా షెడ్డులో మగ్గం మోటార్ల వైరింగు మొత్తం ఆయన చేతి పనే. డబ్బాను చూశాడు, దాని మీద ఉన్న ఒక్క తీగను చూశాడు, పట్టీని చూశాడు. నా వైపు తిరిగి, పెదవులు బాగా కనపడేలా అడిగాడు.

"దీనికి ఎర్త్ యాడుండాది?"

ముందు డబ్బా ఇంజను ఇనుముకే బిగించి ఉండేది. దాని ఒళ్లే ఎర్త్. ఇప్పుడు అది నా రబ్బరు మీద, రంగు వేసిన గోడ మీద కూర్చుంది. హోసులోని జాలీ రబ్బరు మధ్యలో ఉంది, మూతులను తాకదు. కరెంటుకు తిరిగి పోయే దారి లేదు. లైటు స్విచ్చికి మాత్రం రెండు తీగలున్నాయి, దానికి ఎర్త్ విడిగా ఉంది కనక అది పని చేసింది.

"నీ రబ్బరే అడ్డం మే" అన్నాడు. అని నవ్వాడు.

నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆ బండి దగ్గర ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే. అన్న ఒక తీగ ముక్క ఇచ్చాడు. మా ఆయన దాని ఒక కొస డబ్బా మెడకు చుట్టి బిగించాడు. రెండో కొస కోసం గోడ మీద రంగు గీకి, తెల్లటి రేకు తేలాక బోల్టు వేశాడు. తాళం తిప్పాను. ముల్లు లేచింది. మెల్లగా పైకి పోయి నిలబడింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంకొంచెం లేచింది, వదిలితే దిగింది. అన్న హోసు పొడవునా వేలు జరుపుతూ తడి ఉందేమో చూశాడు. చివరికి తన వేలు నాకు చూపించాడు. పొడిగా ఉంది.

ఆ తర్వాత మొదటిసారి తిరుపతికి మూటలు తీసుకుపోతున్నప్పుడు ముల్లు వైపు ఎక్కువగానే చూశాను. కొంత దూరం పోయాక మామూలు పడింది. పుత్తూరు దాటాక పక్కకు చూస్తే మా ఆయన వీపు సీటుకు ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎన్నో నెలలుగా ఆ సీటులో ఆయన కన్ను మూసింది లేదు. గుంతలు తప్పించి మెల్లగా నడిపాను.

రేణిగుంట దగ్గర విమానం ఒకటి బాగా కిందికి దిగుతూ మా మీదుగా పోయింది. ఆయన ఉలిక్కిపడి లేచి డ్యాష్‌బోర్డు చరిచాడు. "నిలుపు, నిలుపు!"

నేను నిలపలేదు. వేలితో ముల్లు చూపించాను. ఆయన దాన్ని చూశాడు, తల బయట పెట్టి ఆకాశంలోకి చూశాడు, మళ్లీ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

బండి బాగానే నడుస్తోంది. తిరుపతి ట్రాఫిక్కులో ఎండలో ఆగి ఆగి పోతుంటే ముల్లు కిందికి దిగుతుంది. ఎంత దాకా దిగవచ్చో, ఎక్కడ దాటితే ఆపాలో ఇప్పుడు తెలుసు. హోసు శాశ్వతం కాదు, పాతబడేలోగా మార్చుకోమ్మా అని రేణిగుంట కొట్టతను ముందే చెప్పాడు. అందుకని బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, తెల్ల గుడ్డ పీలికతో ఒక్కో జాయింటూ తుడిచి చూస్తాను. పీలికను మా ఆయన కూడా వెలుతురుకు పట్టి చూస్తాడు. పొడిగా ఉంటే మూటలు ఎక్కిస్తాం.